చెక్క మీద నదిని చేసిన సత్తార్ గారు

పోయిన గురువారం ఉదయం ఏడో తరగతి పిల్లలకు ఆనకట్టల పాఠం చెబుతున్నాను. మా బడి వాచ్‌మన్ నాగేశ్వరరావు గుమ్మం దాకా వచ్చి ఆగాడు. దూరం నుంచే కేకేసి పిలిచే మనిషి, ఆ రోజు పిలవలేదు. ఏమిటని నేనే అడిగాను.

“టీచరమ్మా, మన చెక్కబొమ్మల సత్తార్ గారు తెల్లారగట్ల పోయారంట. వాళ్ళ తమ్ముడు ఇప్పుడే ఫోన్ చేశాడండీ” అన్నాడు.

పిల్లల చేతులు అప్పుడు ఆయన చేసిన చెక్క బ్యారేజి మీదే ఉన్నాయి. గేట్ల వరుస మీద వేళ్ళు జారుతున్న సన్నని చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. ఆదివారం నాడే ఆయన ఫోనులో నాతో పోట్లాడారు. బడికి కొత్తగా వచ్చిన బల్లలకు పాలిష్ సరిగా పెట్టలేదని, అలాంటి బల్లల మీద పిల్లల్ని కూర్చోబెట్టడం పాపమని ఆయన వాదన. “ఆ పని చేసినోడెవడో చెప్పండి టీచరమ్మా, నేను మాట్లాడతా” అని గొంతు పెంచారు. అంత కోపం ఉన్న మనిషిలో అంత ప్రాణమూ ఉందనే అనుకున్నాను. విధి ఇంత తొందరపడుతుందని ఊహించలేదు.

ఆయనను ఎరుగని పాఠకుల కోసం ముందు నా సంగతి రెండు ముక్కలు చెప్పాలి. కంకిపాడు దగ్గర ఒక పల్లెలో రైతు కుటుంబంలో పుట్టాను. పసితనంలో అమ్మవారు పోసి చూపు పోయింది. విజయవాడ శివార్లలో చూపులేని పిల్లల బడిలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఈ వ్యాసాన్ని బ్రెయిలీలో రాసుకుని నేను చదువుతుంటే, నా సహోపాధ్యాయిని కాగితం మీద పెడుతోంది. కనుక సత్తార్ గారి రూపురేఖలు వర్ణించమంటే నా వల్ల కాదు. ఆయన మోపెడ్ మా గేటు దగ్గర దగ్గుతూ ఆగే తీరు తెలుసు. చొక్కాకు అంటిన స్పిరిట్ వాసన, దాని వెనకే వచ్చే రంపపు పొట్టు వాసన తెలుసు. గదిలోకి రాకముందే వినిపించే ఆ పెద్ద గొంతు తెలుసు. వాటన్నిటికంటే బాగా ఆయన చేతిపని తెలుసు.

షేక్ అబ్దుల్ సత్తార్ గారు వృత్తిరీత్యా నమూనాలు చేసే వడ్రంగి. ఆటోనగర్‌లో ఇనుము పోతపోసే కార్ఖానాలకు ముందుగా చెక్కతో వస్తువు ఆకారం చేసి ఇవ్వాలి. దాన్ని ఇసుకలో అదిమి, పైకి తీసి, ఆ ఖాళీలో కరిగిన లోహం పోస్తారు. చెక్క మీద గోటి గీతంత గరుకు ఉన్నా ఇసుక దానికి అంటుకుని ఊడివస్తుంది, పోత పాడవుతుంది. అందువల్ల నునుపు ఆయనకు అలంకారం కాదు, జీవనాధారం. “సత్తార్ నమూనా ఇసకలోంచి తీస్తే వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు రావాల” అని తన గురించి తనే చెప్పుకునేవారు. వినయం ఆయన సుగుణాల్లో లేదు. తన పని గొప్పదని ఆయనకు తెలుసు. ఎదుటివాళ్ళకు తెలియకపోతే తెలిసేదాకా చెప్పేవారు.

తొంభయ్యవ దశకం మొదట్లో ఆయన కూతురు నస్రీన్ మా బడిలో చేరింది. పుట్టుకతోనే చూపు లేదు. చురుకైన పిల్ల, ప్రశ్నల పుట్ట. ఒకసారి తండ్రీకూతుళ్ళు బస్సులో బ్యారేజి దాటుతుండగా వరదనీటి హోరు విని అడిగిందట.

“నాన్నా, బ్యారేజి అంటే ఎట్టా ఉంటది?”

“నదికి అడ్డంగా కట్టిన గోడమ్మా.”

“గోడైతే నీళ్ళు ఎట్టా పోతయ్యి?”

“గోడకి తలుపులుంటయ్యి.”

“తలుపులుంటే ఇల్లు కదా?”

తరువాత ఈ సంగతి నాతో చెప్పినప్పుడు ఆ పెద్ద గొంతు కొంచెం తగ్గింది. “బస్సులో అందరూ నవ్వారు టీచరమ్మా. నాకు మాత్రం నవ్వు రాలా. రోజూ దాటే బ్యారేజి, నా బిడ్డకి చెప్పలేకపోయా” అన్నారు.

ఆ వేసవిలో ఆయన టేకుతో బ్యారేజి చేశారు. స్తంభాలు, పైకీ కిందికీ కదిలే గేట్లు, మీద రోడ్డు, ఎగువన నిండుగా నది, దిగువన తక్కువ నీరు. బడికి తెచ్చి బల్ల మీద పెట్టగానే చూపున్న ఉపాధ్యాయులంతా మూగారు. అద్దంలా మెరుస్తోందని, ముఖం చూసుకోవచ్చని మెచ్చుకున్నారు. సత్తార్ గారు సంతోషంతో ఉబ్బిపోయి కూతురిని పిలిచారు. నస్రీన్ గేట్లు తడిమింది, నవ్వింది, పైకెత్తి దించింది. తర్వాత ఎగువ నీటి మీదికి చెయ్యి పోనిచ్చి ఆగింది.

“నాన్నా, నది మధ్యలో ఇదేంటి? లంకా?”

“అక్కడేం లేదమ్మా. నీళ్ళే.”

“ఉంది. సన్నగా, పొడుగ్గా ఉంది.”

నేను కూడా చెయ్యి పెట్టాను. నిజమే. చిత్రిక పట్టినప్పుడు మిగిలిపోయిన చిన్న అంచు, పాలిష్ కింద దాగి ఉంది. మెరుపు దాన్ని కంటికి కప్పేసింది. ఇది మామూలు విషయంగా తోచవచ్చు. కాని మాకు వేలికింద తగిలే ప్రతి గరుకూ ఒక అక్షరమే. దానికి అర్థం ఉందనే అనుకుంటాం. చూసేవారికి చెక్క మీద గీత చెక్క మీద గీతే. మా పిల్లలకు అది నదిలో మొలిచిన లేని లంక. ఆ మాటే ఆయనతో అన్నాను.

ఆయనకు కోపం వస్తుందేమో అనుకున్నాను. బల్ల మీది బ్యారేజిని ఎత్తుకుంటున్న చప్పుడు వినిపించింది. “నా బిడ్డకి అబద్ధం చెప్పానన్న మాట” అని మాత్రం అని వెళ్ళిపోయారు. సరిచేసి మళ్ళీ తెచ్చిన నాడు ఎవరినీ చూడనివ్వలేదు. ముందు పిల్లల చేతులే తాకాలన్నారు. వాళ్ళ వేళ్ళు నీటి మీద ఎక్కడా ఆగకుండా సాగిపోతుంటే, ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చి వదలడం నాకు వినిపించింది.

ఆనాటి నుంచి కార్ఖానాల పని చేసుకుంటూనే మా బడి పనీ తనదే అనుకున్నారు. ఎడ్లబండి, గుడి గోపురం, మసీదు మినారు, తాబేలు, మనిషి గుండెకాయ, ఒకటేమిటి, పిల్లలు ఏది అడిగితే అది. వన్‌టౌన్‌లో కాలువ గట్టు పక్కన సందులో ఆయన పనిపాక ఉండేది. అక్కడికి వెళ్ళి కూర్చోవడం నాకు అలవాటైంది. జమీలా గారు, ఆయన భార్య, యాలకులు వేసిన టీ ఇచ్చేవారు. ఆయన పని చేస్తూ మాట్లాడేవారు, మాట్లాడుతూ పని చేసేవారు. గరుకు కాగితం చప్పుడును బట్టి పని ఎందాకా వచ్చిందో చెప్పడం నేర్చుకున్నాను. మొదట ముతక కాగితం గుర్రుమంటుంది. మార్చే కొద్దీ చప్పుడు సన్నబడి, చివరికి ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది.

“చెక్కకి ఒకసారి నీళ్ళు చూపించాల టీచరమ్మా” అనేవారు. నున్నగా అయిందనుకున్న చెక్కను తడిబట్టతో తుడిచి ఆరనిచ్చేవారు. ఆరాక దాని మీద నా చెయ్యి పెట్టించేవారు. సన్నని నారలు లేచి, పసివాడి నెత్తి మీద కొత్తగా మొలుస్తున్న జుట్టులా తగిలేవి. “చూశారా? నున్నగా ఉన్నట్టు నటించింది. లోపల దాక్కున్న నార నీళ్ళకి లేచి నిలబడింది. ఇప్పుడు పట్టుకోవాల.” మళ్ళీ కాగితం పట్టి, నార ఎటు పోతే అటే రుద్ది, మళ్ళీ తడిపేవారు. ఇక లేచే నార లేనిదాకా వదిలేవారు కాదు. ఆ తరువాతే స్పిరిట్‌లో కరిగించిన లక్క, దూది మూటతో పలచగా పూత మీద పూత. అడ్డంగా కోసిన చెక్క కొసల దగ్గర మరీ ఓపిక పట్టేవారు. అక్కడ నార నోరు తెరుచుకుని ఉంటుందట. ఎంత పోసినా తాగుతూనే ఉంటుందట. “దాహం తీరనిదాన్ని రుద్దితే కోపమొచ్చుద్ది. ముందు తాగనియ్యాల” అనేవారు.

ఆయన పట్టుదలకు ఒక ఉదాహరణ చెబుతాను. మా బడిలో సుజాత అని గన్నవరం పిల్ల ఉండేది. ఇంటి మీదుగా విమానాలు పోతుంటాయి. విమానం పక్షిలా ఎగురుతుందని ఎవరో చెప్పారు. “మరి రెక్కలు ఆడించేటప్పుడు లోపల కూచున్నోళ్ళు పడిపోరా?” అని సత్తార్ గారిని అడిగింది. ఆయన ఏనాడూ విమానాన్ని దగ్గరగా చూడలేదు. పుస్తకంలో బొమ్మ చూసి చేయవచ్చు కదా అన్నాను. “బొమ్మలో పొట్ట కింద ఏముందో ఎట్టా తెలుస్తదమ్మా? పిల్ల ముందు చెయ్యి పెట్టేది అక్కడే” అని మోపెడ్ వేసుకుని గన్నవరం వెళ్ళి, కంచె దగ్గర నిలబడి విమానం కోసం చూశారు. మర్నాడూ వెళ్ళారు. కాపలా కానిస్టేబుల్ అనుమానించాడు.

“ఏం పెద్దాయనా, రోజూ వచ్చి ఏం చూస్తన్నావ్?”

“చక్రాలు మడుచుకునేటప్పుడు ముందు తలుపులు మొదట మూసుకుంటయ్యా, ఎనకవి మొదట మూసుకుంటయ్యా అని చూస్తన్నా.”

“నీకెందుకు?”

“కళ్ళు లేని పిల్లకి చెప్పాలయ్యా.”

పేరు, ఊరు, ఎక్కడ పని చేస్తాడు అన్నీ అడిగి చాలాసేపు నిలబెట్టాడట. ఈ మాట చెబుతూ సత్తార్ గారు నవ్వారు. గడ్డమున్న సాయిబు విమానాశ్రయం కంచె దగ్గర నిలబడితే ఏమనుకుంటారో తెలియనంత అమాయకుడు కాదు. అయినా మూడోసారి వెళ్ళారు. ఈసారి ఆ కానిస్టేబులే ఎదురొచ్చి, “ఆ పిల్ల ఏ క్లాసు?” అని అడిగి, తాను రోజూ దగ్గరగా చూసే చక్రాల సంగతి చేతులతో అభినయించి చూపించాడట. ఆ విమానం వచ్చినప్పుడు సుజాత రెక్కలు పట్టుకుని ఆడించబోయింది. కదలలేదు. “ఓహో, ఇది చేతులు చాపుకుని పరిగెత్తుద్ది, అంతే” అంది. సత్తార్ గారు ఆ మాటను కనపడిన ప్రతి మనిషికీ చెప్పారు.

ఇంతటి మనిషిని మధుమేహం పట్టుకుంది. ఆయన దాన్ని లెక్కచేయలేదు. టీలో చక్కెర మానేశానని మాకు చెప్పి బయట తాగేవారని జమీలా గారి ఫిర్యాదు. పుష్కరాలు వెళ్ళిన మరుసటి ఏడు ఆయన మాకొక పడవ చేసి ఇచ్చారు. సుజాత దాని అడుగున చెయ్యి పోనిచ్చి అరిచింది. చెక్కపేడు చూపుడువేలిలో దిగింది. తీసేశాం, మందు రాశాం. అయినా వేలు వాచి చీము పట్టింది. పరీక్షల ముందు రోజులు. మాకు చూపుడువేలే కన్ను. ఆ పిల్ల చదవలేక, పక్కనున్నవాళ్ళు చదువుతుంటే వింటూ ఏడ్చేది.

కబురు తెలిసి సత్తార్ గారు వచ్చారు. పడవ ఎత్తి అడుగున తడిమారు. “ఎక్కడమ్మా?” అన్నారు. నేను ఆయన వేలు పట్టుకుని ఆ చోట పెట్టాను. “ఎక్కడ?” అని మళ్ళీ అడిగారు. నేను మళ్ళీ పెట్టాను. ఆయన వేలు దాని మీదే ఉంది. అప్పుడు ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

“నా వేళ్ళు చచ్చిపోయినయ్యి టీచరమ్మా” అన్నారు మెల్లగా. ఆ గొంతు అంత మెల్లగా పలకగలదని నాకు అప్పటిదాకా తెలియదు. కొంతకాలంగా తిమ్మిరి ఉందట. కాగితం చప్పుడు విని, వెలుతురులో వాల్చి చూసి నెట్టుకొస్తున్నారట. సుజాత మంచం పక్కన కూర్చుని, “తల్లీ, పెద్దోణ్ణి, తప్పయిపోయింది” అన్నారు. ఆ పిల్ల, “మీకు నొప్పి తెలీదా తాతా? అయితే మీకే మంచిది” అంది. ఆయన లేచి వెళ్ళిపోయారు. ఆ తరువాత మోపెడ్ చప్పుడు మా గేటు దగ్గర వినపడలేదు. ఆటోనగర్ పనీ మానేశారని తెలిసింది. ఉలులకు నూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టేశారని నస్రీన్ చెప్పింది.

నస్రీన్ అప్పటికి చదువు ముగించి ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేస్తోంది. తండ్రి గొంతు వినపడని ఇంట్లో ఆమెకు ఊపిరాడలేదు. ఒక సెలవు రోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. పనిపాకలో బల్ల దుమ్ము పట్టి ఉంది. ఆమె గుడ్డ విప్పి పనిముట్లు బల్ల మీద పరిచింది.

“ఏం చేస్తన్నావమ్మా?” అన్నారాయన మంచం మీద నుంచి.

“నువ్వు కాగితం పట్టు నాన్నా. ఎక్కడ గరుకుందో నేను చెప్తా.”

“నా పనికి ఇంకొకళ్ళు తప్పులెన్నేదేంటి?”

“చిన్నప్పుడు ఎన్నలా? లంక ఉందన్నది ఎవరు?”

జమీలా గారు వంటింట్లోంచి, “లెగండి. అది పిలుస్తుంటే పడుకుంటారేం?” అని కసిరారు. చాలాసేపటికి మంచం కిర్రుమంది. ఆయన వచ్చి కూర్చున్నారు. కాగితం కదిలింది, ఆగింది. నస్రీన్ చెయ్యి పోనిచ్చింది.

“ఇక్కడుంది.”

“ఎక్కడ?”

“నా గోరు కింద.”

“చెయ్యి తియ్యి. కాగితం పెడతా.”

నేను గుమ్మంలో కూర్చుని వింటున్నాను. అభిమానధనుడైన ఆ మనిషి ఆ “చెయ్యి తియ్యి” అన్న మాటలో ఎంత దిగమింగారో నాకు తెలుసు. ఆ తరువాతి రోజుల్లో ఇద్దరూ పోట్లాడుకుంటూ పని చేశారు. ఆమె ఉందంటే ఆయన లేదనేవారు. చివరికి ఆమె వేలే గెలిచేది. నాలుగు మాటలు తిట్టి, గెలిచిన వేలి కింద కాగితం పెట్టేవారు. గొంతు మళ్ళీ సందు చివరిదాకా వినపడసాగింది.

అలా మొదలైనదే ఆయన ఆఖరి నమూనా: మన కృష్ణా డెల్టా. బ్యారేజి నుంచి సముద్రం దాకా నదీ, కాలువలూ, గట్లూ, ఊళ్ళూ ఒకే పలక మీద. దానికోసం కాలికి పుండు ఉన్నా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని బస్సుల్లో ఆ ఊళ్ళన్నీ తిరిగి వచ్చారు. డాక్టరు తిరగొద్దన్నాడు. “నేను చూడకుండా చేస్తే మళ్ళీ లేని లంక మొలుచుద్ది” అన్నారు. పుండు మానలేదు. ఆసుపత్రికి వెళ్ళి వచ్చాక మనిషి బాగా తగ్గిపోయారని నస్రీన్ దిగులుపడేది. గురువారం తెల్లవారుజామున నమాజుకని లేచి, వజూకు కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ కూలిపోయారట. జమీలా గారు పట్టుకునేలోపే అయిపోయింది.

వార్త విన్న గంటలోనే నేను, మా ఉపాధ్యాయులు కొందరు ఆ సందుకు చేరాం. జనం కిక్కిరిసి ఉన్నారు. ఆటోనగర్ నుంచి కార్ఖానాలవాళ్ళు, కాలువ గట్టు దుకాణాలవాళ్ళు, మా బడిలో చదివి వెళ్ళినవాళ్ళు. కడసారి చూపుకు ఒక్కొక్కరూ ముందుకు కదులుతున్నారు. చూసినవాళ్ళు ముఖం ప్రశాంతంగా ఉందని చెప్పుకుంటున్నారు. నేను గోడవారగా నిలబడ్డాను. కడసారి చూపు అన్న మాట నన్ను ఆనాడు బాధించినంతగా ఎన్నడూ బాధించలేదు. పరాయి ఆడవాళ్ళు తాకడం వారి ఆచారంలో లేదు, నేను అడగలేదు. చూడడం నాకు లేదు.

జమీలా గారు నన్ను ఎలా గమనించారో తెలియదు. ఆడవాళ్ళ మధ్యలోంచి లేచి వచ్చి నా మణికట్టు పట్టుకున్నారు. వెనకవైపు పనిపాకలోకి నడిపించారు. అక్కడ నస్రీన్ ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. జమీలా గారు నా రెండు చేతులూ ఎత్తి బల్ల మీది పలక మీద పెట్టారు.

“ఆయన్ని ఇక్కడ చూసుకోండి టీచరుగారూ” అన్నారు.

నేను చూసుకున్నాను. బ్యారేజి దగ్గర మొదలుపెట్టాను. బందరు కాలువ పట్టుకుని దిగితే కంకిపాడు తగిలింది. నేను నడక నేర్చిన గట్టు తగిలింది. మళ్ళీ వెనక్కి వచ్చి ఏలూరు కాలువ వెంట వెళ్ళాను. ఎక్కడా ఒక నార లేదు, ఒక గీత లేదు, ఒక్క అబద్ధం లేదు. చివరికి అసలు నదినే పట్టుకున్నాను. వెడల్పుగా, నిండుగా, చల్లగా నా అరచేతుల కింద హంసలదీవి దాకా సాగింది. అక్కడ చేతులు ఆగిపోయాయి. దాని అవతల రంపం కోసిన పచ్చి చెక్క, గరగరలాడుతూ.

“సముద్రం చెయ్యలేదు టీచర్” అంది నస్రీన్. “ఈ శుక్రవారం కూచుందాం అన్నాడు.”

బయట జనాజాను భుజాలకెత్తుతున్న అలికిడి వినిపించింది. పెద్ద గొంతులు ఒక్కసారిగా ఒకే ప్రార్థనై లేచాయి. మేము ముగ్గురం ఆ పలక దగ్గరే నిలబడ్డాం.

ఆ పలక ఇప్పుడు మా బడిలో ఉంది. తెలిసిన వడ్రంగులు ఒకరిద్దరు మిగిలినది పూర్తి చేస్తామని పెద్ద మనసుతో ముందుకు వచ్చారు. వారికి కృతజ్ఞతలు చెప్పి వద్దన్నాను. నస్రీన్ కూడా వద్దనే అంది. పిల్లలు నది వెంట వచ్చి వచ్చి, ఆ కొసన వేళ్ళు వెనక్కి తీసుకుని, “ఇక్కడేముంది టీచర్?” అని అడుగుతున్నారు. సత్తార్ గారు ఇక్కడిదాకా వచ్చారని చెబుతున్నాను. ఆ చేతులకు నా నమస్కారం. వాటికి సాటి వచ్చే చేతులు ఈ డెల్టాలో నాకు ఇక తగలవు.